ఎండాకాలం ఇంట్లోనే ఉన్నాం టీచర్

కొన్నేళ్ళ కిందట జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం. ఐదో తరగతి పిల్లలకు ‘వేసవి సెలవులు నేను ఎలా గడిపాను’ అని పది వాక్యాలు రాయమన్నాను. ప్రతి ఏడూ ఇచ్చే పనే. పిల్లలకు సాయంగా ఉంటుందని బోర్డు మీద కొన్ని మాటలు కూడా రాశాను. ప్రయాణం, రైలు, సముద్రం, జూ, ఐస్‌క్రీం. నేను ట్రైనింగ్ చదివినప్పుడు మా సారు మాకు నేర్పిన పద్ధతి అది. అందరూ ఏదో ఒకటి రాశారు. కొందరు చూడని సముద్రం గురించి కూడా రాశారు. ఒక పాప మాత్రం ఒక్క వాక్యం రాసి పలక పక్కన పెట్టేసింది. ‘ఎక్కడికీ పోలేదు, ఇంట్లోనే ఉన్నాం టీచర్.’

దగ్గరికి పిలిచి చూస్తే ఆ పాప వేళ్ళ కొసల్లో చర్మం లేచిపోయి ఉంది. జీడిపిక్కల రసం అంటితే అలా అవుతుంది. ఏం చేశావమ్మా సెలవుల్లో అని అడిగాను. మొదట ఏం లేదంది. మళ్ళీ అడిగితే ఒక్కొక్కటీ చెప్పింది. వాళ్ళమ్మతో తునికాకు కోసింది. కట్టలు కట్టింది. జీడిపిక్కలు ఏరింది. మామిడికాయ ముక్కలు కోసి ఎండబెట్టింది. చింతపండు గింజ తీసింది. తమ్ముణ్ణి చూసుకుంది. అడ్డాకులు కుట్టడం నేర్చుకుంది. నలభై ఐదు రోజుల్లో ఆ పిల్ల చేసిన పని నేను నెల జీతానికి చేసిన పని కంటే తక్కువేమీ కాదు. అయినా ఆమె దృష్టిలో అది ‘ఏం లేదు’. నా బోర్డు మీద ఆ మాటలు లేవు కదా.

నేను కోయ పిల్లనే. మాది చింతూరు పక్క ఊరు. చిన్నప్పుడు నేను కూడా అదే పని చేశాను, అలాగే ‘ఏం లేదు’ అని రాశాను. ఈ వ్యాసం ఆ పాపకు నేను అప్పుడు చెప్పలేకపోయిన జవాబు. మన ఇళ్ళలో ఎండాకాలం ఎలా గడుస్తుందో, ఆ గడపడం మీద ఎవరెవరు పన్నులు వేశారో, చట్టాలు చేశారో, మనవాళ్ళు ఎక్కడెక్కడ ఎదురు తిరిగారో, నాకు తెలిసినంత చెప్తాను.

మనకు వానాకాలమే కష్టకాలం. విత్తనం భూమిలో వేసేశాక, కొత్త పంట చేతికి రాకముందు, జూలై ఆగస్టుల్లో గాదెలు అడుగంటుతాయి. వాగులు పొంగి సంతకు దారి ఉండదు. జ్వరాలు అప్పుడే. ఆ రెండు మూడు నెలలు ఇల్లు నిలబడాలంటే ఎండలు ఉండగానే సరుకు చేరాలి. మైదానం వాళ్ళకు ఎండ అంటే తప్పించుకోవాల్సింది. మనకు ఎండ ఒక పనిముట్టు. ఎండ లేకపోతే ఇప్పపువ్వు ఆరదు, చింతపండు నిలవ ఉండదు, తునికాకు కట్ట బూజు పడుతుంది.

మొదట చెప్పాల్సింది ఇప్పపువ్వు గురించే. మార్చిలో చెట్టు ఆకు రాలుస్తుంది, కొమ్మల చివర గుత్తులు గుత్తులుగా మొగ్గలు వస్తాయి. పువ్వు రాత్రి పూట విచ్చుకుని తెల్లవారుజాము నుంచి రాలుతుంది. పొద్దు బాగా ఎక్కేసరికి రాలడం ఆగుతుంది. అందుకే మా అమ్మమ్మ కోడి కూతకు ముందే గంప పట్టుకుని బయలుదేరేది. ఆలస్యమైతే ముందు ఎలుగుబంటి తింటుంది, తర్వాత పశువులు తింటాయి. ఎలుగుబంటి భయం వట్టి మాట కాదు. ఇప్పపువ్వుల కాలంలో ఒంటరిగా పోయి దాని చేత గాయపడ్డవాళ్ళు మన ప్రాంతంలో ఊరికి ఒకరైనా ఉంటారు. అందుకే నలుగురైదుగురు కలిసి, గట్టిగా మాట్లాడుకుంటూ పోవాలని పెద్దలు చెప్పేవాళ్ళు.

తెచ్చిన పువ్వును వాకిట్లో పేడతో అలికిన నేల మీద పరుస్తారు. పచ్చి పువ్వు లేత పసుపు రంగులో, రసంతో ఉబ్బి ఉంటుంది. నాలుగైదు రోజుల ఎండకు ముడుచుకుని గోధుమరంగుకు తిరుగుతుంది, కిస్మిస్ మాదిరిగా. మధ్యలో ఒక్క అకాల వాన పడిందా, మొత్తం నల్లబడి పులిసిపోతుంది. బాగా ఎండిన పువ్వులో సగానికి పైగా చక్కెరే. దాన్ని కుండల్లో కూరి మూతి కడితే వానాకాలమంతా ఉంటుంది. మా ఇంట్లో దాన్ని వేయించిన చింతగింజలతో కలిపి ఉడికించేవాళ్ళు. నువ్వులు వేయించి, పువ్వు వేయించి, రోట్లో దంచి ముద్దలు చేసేవాళ్ళు. బాలింతకు పెట్టేవాళ్ళు. ఇప్పపువ్వు అంటే సారా ఒక్కటే అనుకునేవాళ్ళు మన పిల్లల్లోనే తయారవుతున్నారు. సారా కూడా ఉంది, కాదనను. పెళ్ళికి, చావుకు, వేల్పులకు అది కావాలి. కానీ కుండలో దాచింది ముందు తిండి.

ఇక్కడ ఒక పాత చట్టం గురించి చెప్పాలి. అది మన ప్రాంతానిది కాదు, బొంబాయి రాజధానిది. 1892లో అక్కడి ప్రభుత్వం ఇప్పపువ్వు మీద ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. ఠాణా, కొలాబా జిల్లాల్లో పువ్వు ఏరడం, దగ్గర ఉంచుకోవడం, అమ్మడం మీద ఆంక్షలు పెట్టింది. దొంగసారా ఆపడానికి అని కారణం చెప్పారు. సారా మీద వచ్చే ఆదాయం సర్కారుకే చేరాలన్నది అసలు సంగతి. చెట్టు కింద రాలిన పువ్వును ఇంటికి తెచ్చుకుంటే నేరం అయ్యే రోజు ఒకటి ఈ దేశంలో వచ్చిందని మన పిల్లలకు ఏ పాఠంలోనూ లేదు. అక్కడి ఆదివాసులు, వార్లీలు, కాత్కరీలు, మనలాగే పువ్వు తిని బతికినవాళ్ళు.

మన వైపు అలాంటి దెబ్బ పువ్వు మీద కాకుండా కల్లు మీద పడింది.

మార్చి నుంచి మే దాకా కొండల్లో నీటికి కటకట. ఊటలు ఎండుతాయి. తిండిగింజలు తగ్గుతాయి. అప్పుడు జీలుగు చెట్టు, తాటి చెట్టు ఇంటికి ఆధారం. పొద్దునా సాయంత్రం దించిన కల్లును సొరబుర్రలో పోసుకుని పనికి పోతారు. కొండరెడ్ల మధ్య ఉండి వాళ్ళ గురించి పుస్తకం రాసిన హైమెన్‌డార్ఫ్, 1945లో అచ్చయిన ఆ పుస్తకంలో, జీలుగు కల్లు వాళ్ళకు తాగుడు మాత్రమే కాదని, కరువు నెలల్లో ఆహారమని గమనించి చెప్పాడు. తెల్లవారుజామున దించిన తాజా కల్లు తియ్యగా ఉంటుంది, పిల్లలకు కూడా కాస్త పోసేవాళ్ళు. పొద్దెక్కేకొద్దీ పులుస్తుంది.

ఈ చెట్ల మీద రంపా మన్సబుదారు పన్ను వేశాడు. దాని పేరు చిగురుపన్ను. మద్రాసు ప్రభుత్వం ఆబ్కారీ నియమాలు తెచ్చి, ఇంటి వాడకానికి కల్లు గీసుకోవడాన్ని కూడా కట్టడి చేసి, కల్లు రాబడిని గుత్తకు ఇచ్చింది. గుత్త తీసుకున్నవాళ్ళు మైదానం నుంచి వచ్చారు. కొండమీద మనిషి తాత నాటిన చెట్టు ఎక్కాలంటే ఎవరో కింది ఊరి మనిషికి డబ్బు కట్టాలి. డబ్బు లేకపోతే మేకో కోడో పోయేది. అప్పుల వ్యవహారం ఇంకో పక్క. వ్యాపారులు కింద కోర్టుల్లో దావాలు వేసి డిక్రీలు తెచ్చుకునేవాళ్ళు. కోర్టు భాష రాదు, అంత దూరం నడిచిపోయి జవాబు చెప్పుకునే వీలు లేదు.

1879 మార్చిలో రంపాలో పితూరీ లేచింది. చరిత్ర పుస్తకాల్లో ‘రంపా తిరుగుబాటు 1879–80’ అని ఒక పంక్తి ఉంటుంది. నెల గమనించండి అని నేను పిల్లలకు చెప్తాను. మార్చి. కల్లు దిగే కాలం. తినడానికి వేరే ఏమీ పెద్దగా లేని కాలం. కారం తమ్మన్న దొర లాంటి నాయకులు ముందు నిలిచారు. పోలీసు ఠాణాల మీద దాడులు జరిగాయి. వేసవిలో గూడెం కొండలకు పాకింది. జూలై నాటికి మా పక్కనున్న రేకపల్లి వైపు వచ్చింది.

రేకపల్లి వాళ్ళ కారణం కాస్త వేరు. భద్రాచలం ప్రాంతం 1860 దాకా నైజాం కింద ఉండేది. తర్వాత ఇంగ్లీషు వాళ్ళకు వచ్చి సెంట్రల్ ప్రావిన్సెస్‌లో కలిసింది. 1874లో మద్రాసు రాజధానికి, గోదావరి జిల్లాకు మారింది. సెంట్రల్ ప్రావిన్సెస్ పాలనలో పోడు మీద శిస్తు తక్కువ, ఆంక్షలు కూడా తక్కువ. మద్రాసు వచ్చాక శిస్తు దాదాపు మూడింతలు అయింది. కొన్ని చోట్ల పోడు కొట్టనివ్వలేదు. పోడు కూడా ఎండాకాలం పనే కదా. చెట్టూ చేమా నరికి ఆరబెట్టి, మే నెలలో కాల్చి, తొలకరికి విత్తనం చల్లుతారు. ఎండలు ఉన్నప్పుడు ఆ పని ఆపితే ఏడాదంతా ఆకలి.

పితూరీని అణచడానికి సైన్యం రావలసి వచ్చింది. ఆ తర్వాత మన్సబుదారును తొలగించారు. ముఠాదారులతో ప్రభుత్వం నేరుగా ఒప్పందాలు చేసుకుంది. అల్లూరి సీతారామరాజు వచ్చింది ఇది జరిగిన నలభై ఏళ్ళకు పైగా తర్వాత, 1922లో. ఆయన పేరు 2022లో మన జిల్లాకు పెట్టుకున్నాం, మంచిదే. కానీ తమ్మన్న దొర పేరు మా ఊరి పిల్లల్లో పది మందిని అడిగితే ఒక్కరు చెప్పలేదు. (ఈ జిల్లాల సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి. మా ఊరు ఉన్నచోటే ఉంది. 1959 దాకా తూర్పు గోదావరి, ఆ తర్వాత ఖమ్మం, 2014లో పోలవరం కోసం మళ్ళీ తూర్పు గోదావరి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. మా అమ్మ కాగితాల్లో మూడు జిల్లాల ముద్రలు ఉన్నాయి.)

పితూరీ ఆగిన కొద్ది కాలానికే 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవికి హద్దు రాళ్ళు పడ్డాయి. రిజర్వు అన్నారు. ఆ రాయికి అవతల ఉన్న చెట్టు సర్కారుది, ఇవతల ఉన్నది మనది అని చెప్పారు. ఇప్పచెట్టు, చింతచెట్టు ఆ లెక్కలో పెరగవు. మా ఊళ్ళో ఏ చెట్టు ఏ ఇంటిదో అందరికీ తెలుసు. రాత లేదు, తగాదా కూడా లేదు. మా అమ్మమ్మ చెట్లలో సగం రాయికి అవతల ఉండేవి. గార్డు వచ్చినప్పుడు ఆమె పువ్వు ఏరుతూ, తల ఎత్తకుండా, కోయలో ఏదో అనేది. ఆయనకు అర్థమయ్యేది కాదు. అర్థమై ఉంటే బాగుండేది కాదు.

చింతపండు కథ అప్పు కథే. ఫిబ్రవరి నుంచి కాయ దులుపుతారు. పెంకు కొట్టి, ఈనె లాగి, గింజ తీసి, కొంచెం ఉప్పు వేసి ముద్ద చేస్తారు. ఆడవాళ్ళందరూ ఒక అరుగు మీద చేరి గింజ తీస్తుంటే ఊళ్ళో సంగతులన్నీ అక్కడే తేలేవి. కానీ ఆ పండు చాలా ఇళ్ళలో చెట్టు మీద ఉండగానే అమ్ముడుపోయి ఉండేది. వానాకాలంలో ఆకలికి షావుకారు దగ్గర గింజలో, ఉప్పో, బట్టో తెచ్చుకుంటారు. ఎండాకాలం చింతపండుతో తీర్చాలి. ఎంతకు ఎంత అనేది ఆయన కొలతే, ఆయన లెక్కే. కుంచం నింపి ఉప్పు ఇస్తే కుంచం నింపి చింతపండు తీసుకునేవాళ్ళు అని మా తాత చెప్పేవాడు. 1917లో ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదలాయింపు చట్టం వచ్చింది. వడ్డీ ఏడాదికి నూటికి 24 దాటకూడదని, అనుమతి లేకుండా గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకూడదని రాశారు. రాత బాగుంది. కుంచం మాత్రం మారలేదు. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఇప్పుడు మనం జీసీసీ అని పిలిచే గిరిజన సహకార సంస్థ మొదలయ్యాకే సంతలో రెండో తక్కెడ కనపడింది. 1979లో వచ్చిన రెగ్యులేషన్‌తో ఏజెన్సీలో చిన్న అటవీ ఉత్పత్తుల కొనుగోలు ఆ సంస్థకే అప్పగించారు. ఆ తక్కెడ మీద కూడా మనకు ఫిర్యాదులు ఉన్నాయి. అది నేను ఒప్పుకుంటాను. కానీ ఒక్క తక్కెడే ఉన్న కాలం ఎలా ఉండేదో పెద్దలను అడగండి.

తునికాకు సంగతి వేరు. ఇది మన ఇంట్లో తినేది కాదు, దాచేది కాదు. బీడీల కోసం పుట్టిన పని. ఫిబ్రవరిలో మోళ్ళు కొడితే ఏప్రిల్ చివరికి కొత్త చిగురు ఆకుగా ముదురుతుంది. ఉన్నది రెండు మూడు వారాలే. ఇంటిల్లిపాదీ చీకటితో పోయి కోస్తారు, పదింటికల్లా ఇంటికి చేరతారు. ఆ తర్వాత పందిరి కింద కూర్చుని యాభై ఆకులకు ఒక కట్ట కడతారు. సాయంత్రం కల్లంలో అప్పగిస్తే కల్లేదారు లెక్క రాసుకుంటాడు. వెయ్యి కట్టలు అయితే ఒక స్టాండర్డ్ బ్యాగు. అంటే యాభై వేల ఆకులు, ఒక్కొక్కటీ చేత్తో కోసినవి. నేను లెక్కల క్లాసులో గుణకారానికి ఇదే ఉదాహరణ ఇస్తాను. 1971లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం చేసి ఈ ఆకు వ్యాపారాన్ని ప్రభుత్వం చేతిలోకి తీసుకుంది. అంతకు ముందు కాంట్రాక్టరు ఎంత అంటే అంత. కట్ట రేటు పైసల్లో ఉండేది. 1970లు, 1980ల్లో గోదావరికి రెండు వైపులా ఆకు రేటు కోసం పోరాటాలు నడిచాయి. పైసా పైసా పెరిగింది. మా నాన్న ఆ ఎండాకాలపు డబ్బుతోనే నాకు హాస్టలుకు పోయేముందు ట్రంకుపెట్టె, రెండు జతల బట్టలు కొన్నాడు. ఆ పెట్టె ఇప్పటికీ ఉంది.

ఇక మామిడి. మనలో కొత్తల పండగ చేసేదాకా కొత్త కాయ తినకూడదు. చిన్నప్పుడు ఇది నాకు చాలా కోపం తెప్పించేది. చెట్టు నిండా కాయలు కనపడుతుంటే పెద్దలు పండగ ఎప్పుడో తేల్చరు. బి.ఇడి. చదివిన మా అన్న కొడుకు ఒకడు దీన్ని మూఢనమ్మకం అని వాదిస్తాడు. పిందెలు రాల్చకుండా టెంక ముదిరేదాకా ఆగడం అనే లెక్క అందులో ఉందని నేనంటాను. ఆ వాదన ఇంకా తేలలేదు. కాయ పండాక గుజ్జు తిని టెంక పారెయ్యరు. టెంక పగలగొట్టి లోపలి జీడిని ఎండబెట్టి, దంచి, నీళ్ళలో చాలాసేపు నానబెట్టి వగరు తీసి అంబలి కాస్తారు. కొండరెడ్ల ఇళ్ళలో ఇది వానాకాలపు ముఖ్యమైన తిండి.

ఇది చెప్పినప్పుడు జాగ్రత్త కూడా చెప్పాలి. 2001లో ఒడిశాలోని రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో మామిడి టెంక అంబలి తిన్నాక ఆదివాసులు చాలామంది చనిపోయారు. దేశమంతా పత్రికల్లో వచ్చింది. ఆకలి చావులా, విష ఆహారమా అని పెద్దవాళ్ళు వాదించుకున్నారు. రెండూ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయని మనకు తెలుసు. గింజలు ఉన్న ఇంట్లో బూజు పట్టిన టెంక వండరు. మన ఊళ్ళలో కూడా వానాకాలం వాంతులు, విరేచనాలు వచ్చాయంటే చాలాసార్లు సరిగా ఆరని టెంకలో, తడి తగిలిన నిలవ సరుకో కారణం. ఎండ చాలినన్ని రోజులు తగలాలి. చేత్తో విరిస్తే ఫట్‌మని విరగాలి. నల్ల మచ్చ, ఆకుపచ్చ బూజు, చేదు వాసన ఉంటే పారెయ్యాలి. మంచంలో ఉన్న అమ్మమ్మకు ఈ తేడా తెలుసు. డిగ్రీ చదివే మనవరాలికి తెలియదు. టీచర్లు ఇది సైన్సు పాఠంగా చెప్పవచ్చు.

ఇల్లు గురించి కొంచెం. మా పాత ఇల్లు మట్టి గోడ, గడ్డి కప్పు. ముందు పెద్ద పందిరి, దాని మీద నేరేడు కొమ్మలు. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఇంట్లో ఎవరూ బయటికి పోరు. పొద్దున కాచిన జావ సొరబుర్రలో చల్లబడి ఉంటుంది. ఎండాకాలంలో అన్నం కంటే అదే ఎక్కువ తాగేవాళ్ళం. అంటే పని తెల్లవారుజామున, విశ్రాంతి ఎండలో, మళ్ళీ పని చల్లపూట. ఇప్పుడు వడదెబ్బ జాగ్రత్తలని ఆఫీసుల వాళ్ళు పంచే కాగితంలో ఉన్నది ఇదే. మాకు కాగితం రాకముందు నుంచీ ఉంది. స్లాబు ఇల్లు వచ్చాక వానకు కారడం తప్పింది, పామూ తేలూ తగ్గాయి, అది నిజం. మే నెలలో రాత్రి పదకొండుకి కూడా ఆ స్లాబు కింద పడుకోలేం. మా అమ్మ స్లాబు ఇంట్లో సామాను పెట్టి, పక్కన పాకలో పడుకుంటుంది.

అడవి ఉత్పత్తుల మీద హక్కు కాగితం రూపంలో వచ్చింది ఈ మధ్యనే. 1996లో పెసా చట్టం చిన్న అటవీ ఉత్పత్తుల యాజమాన్యం గ్రామసభకు ఉండాలని చెప్పింది. 2006 అటవీ హక్కుల చట్టం ఇంకా స్పష్టంగా, ఊరి హద్దు లోపలైనా బయటైనా వాడుకగా సేకరిస్తున్న చిన్న అటవీ ఉత్పత్తుల మీద మనకు యాజమాన్య హక్కు ఉందని, సేకరించి, వాడుకుని, అమ్ముకోవచ్చని రాసింది. తునికాకు, వెదురు, తేనె పేర్లు అందులోనే ఉన్నాయి. పోడు పట్టాల కోసం దరఖాస్తులు పెట్టిన ఊళ్ళు చాలా ఉన్నాయి. ఇప్పచెట్ల కింద మన హక్కు కోసం సామూహిక దరఖాస్తు పెట్టిన ఊరు మా చుట్టుపక్కల నాకు ఒకటి కూడా కనపడలేదు. చదువుకున్న యువకులు చేయాల్సిన పని ఇది. ఫారాలు నింపడం మీకు వచ్చు. ఏ చెట్టు ఎవరిదో పెద్దలకు తెలుసు. పెద్దలు ఉండగానే ఇద్దరూ ఒకచోట కూర్చోవాలి.

మన తప్పు ఒకటి కూడా రాయాలి. పువ్వు ఏరడం సులువవుతుందని చెట్టు కింద ఆకులకు నిప్పు పెట్టడం పెరిగింది. మా అమ్మమ్మ చీపురుతో ఊడ్చేది. నిప్పు చెట్టు కింద ఆగదు. కొండ ఎక్కుతుంది. లేత ఇప్పమొక్కలు కాలిపోతాయి. మన చెట్లన్నీ ముసలివే. వాటి కింద పిల్లచెట్టు కనపడదు. ఇది గార్డు చెప్పాడని కాదు, నేను చూసి చెప్తున్నాను.

మా పెద్దమ్మ ఊరు పోలవరం ముంపులో పోయింది. రెండేళ్ళ కిందట మార్చిలో ఆమెను చూడడానికి పునరావాస కాలనీకి వెళ్ళాను. వరుసగా ఇళ్ళు, సిమెంటు రోడ్డు, కుళాయి. ఆమె తెల్లవారుజామునే లేచి గుమ్మం ముందు కూర్చుని ఉంది. ఏంటి పెద్దమ్మా, నిద్ర పట్టలేదా అంటే, ‘ఈ పాటికి పువ్వు రాలుతుంటదమ్మా, ఇక్కడ ఎక్కడికి పోను?’ అంది. నష్టపరిహారం లెక్కలో ఇంటికి, భూమికి, చెట్లకు కూడా డబ్బు కట్టారు. పొలంలో ఉన్న చెట్లకు. అడవిలో ఆమె నలభై ఏళ్ళు ఏరిన పదకొండు ఇప్పచెట్లు ఏ లెక్కలోనూ లేవు. అవి ఆమెవి అని చెప్పే కాగితం లేదు. ఆ ఏడు వానాకాలానికి ఆమె ఇంట్లో కుండలు ఖాళీ. బియ్యం ఉంది, రేషను వస్తుంది. కుండల సంగతి చెప్తున్నాను.

ఒంటిపూట బడి గురించి చెప్పి ఆపుతాను. మార్చి మధ్య నుంచి ఎండల వల్ల బడి పొద్దున పూట మాత్రమే. పిల్లల మేలు కోరి పెట్టిన పద్ధతే. కానీ మన ఊళ్ళలో పువ్వు రాలే సమయం, బడి సమయం ఒకటే. మధ్యాహ్నం ఇంటికి పంపిస్తే అప్పుడు చేయడానికి పని లేదు, చెట్టు కింద పువ్వూ లేదు. అందుకే మార్చి, ఏప్రిల్ నెలల్లో హాజరు పట్టీలో గైర్హాజరు గుర్తులే ఎక్కువ. చాలా ఏళ్ళు నేను ఆ పిల్లలను నిలబెట్టి తిట్టాను. ఒక అమ్మాయిని ‘చదువు కావాలా, పువ్వు కావాలా’ అని అడిగాను. ఆమె ఏమీ అనలేదు. మరుసటి ఏడు బడికి రాలేదు. ఆ ప్రశ్న నేను అడగకుండా ఉండాల్సింది. బడివేళ మార్చే అధికారం నాకు లేదు. ఊళ్ళోకి తగ్గట్టు మార్చుకునే వీలు ఐటీడీఏ బడుల్లో ఉండాలని పై వాళ్ళను అడిగాను, అడుగుతున్నాను.

నా చేతిలో ఉన్నది చేశాను. మొదటి పీరియడ్‌లో కొత్త పాఠం చెప్పడం మానేశాను. పాతవి తిరగేస్తాం, ఆలస్యంగా వచ్చినవాళ్ళకు ఏమీ పోదు. సెలవుల పని కూడా మార్చాను. ‘ఎలా గడిపావు’ అని అడగను. ‘ఈ వారం మీ ఇంటికి ఏమేం వచ్చాయి, ఎవరు తెచ్చారు, ఎన్ని రోజులు ఎండబెట్టారు, ఎంత అమ్మారు, ఎంత దాచారు’ అని ఐదు గీతల పట్టిక ఇస్తాను. చివరి గడిలో ఆ వస్తువు గురించి ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పిన పాత సంగతి ఒకటి రాయాలి. విజ్జ పండుం అయ్యాక, బడి తెరిచిన రోజు అవి తెస్తారు.

పోయిన జూన్‌లో వచ్చిన నోటుబుక్కుల్లో ఒకటి నా దగ్గర ఉంది. నాలుగో తరగతి పిల్లాడిది. మొదటి గడిలో ‘ఇప్పపువ్వు, అమ్మ, నేను, చెల్లి’ అని ఉంది. ఎండిన రోజులు ఐదు. అమ్మింది ఎనిమిది కిలోలు. దాచింది రెండు కుండలు. చివరి గడిలో వాడు ఇలా రాశాడు. ‘మా తాత వాళ్ళ తాత చెట్టు ఎక్కితే డబ్బు కట్టమన్నారంట. కట్టలేదంట.’